పన్నుకు దొరకని పొగ మన లెక్కకైనా దొరకాలి

మండల సమాఖ్య 2018-19 వార్షిక మహాసభలో గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం



ఈసారి మహాసభలో ఒక్కో గ్రామ సంఘం ఒక్కో అంశం మీద మాట్లాడాలని చెప్పారు. పాడి పశువులు, కుట్టు మిషన్లు, స్త్రీనిధి వాయిదాలు, మరుగుదొడ్లు, ఇలా అందరూ పేర్లు ఇచ్చారు. మేము పొగాకు అని రాసిచ్చాం. కొంతమంది అక్కలు నవ్వారు. అది మగవాళ్ల సంగతి, మనకెందుకమ్మా అన్నారు. మా మాట ఏంటంటే, అది ముందు మన సంగతే. ఆ పొగాకు కొనే డబ్బు మన ఇంటి డబ్బు. చాలా చోట్ల ఆ చుట్ట చుట్టేదీ బీడీ చుట్టేదీ ఆడవాళ్ల చేతులే. చివరికి దగ్గు పట్టి మంచాన పడితే పక్కన కూర్చునేదీ మనమే. మొదటి నుంచి చివరి దాకా మన చేతుల మీదుగా పోయే సరుకు గురించి మన మహాసభలో ఒక్క మాట కూడా లేకపోతే ఎట్లా?

గడిచిన ఏడాది మా గ్రామ సంఘం ముందుకు రెండు విషయాలు వచ్చాయి. ఒకటి అప్పు దరఖాస్తు. మా సంఘాల్లో ఒక అక్క చాలా ఏళ్లుగా ఇంటి దగ్గర చుట్టలు చుట్టి సంతలో అమ్ముతుంది. భర్త లేడు. ఆకు ధర తక్కువగా ఉన్న రోజుల్లో ఒకేసారి కొని పెట్టుకుంటే నాలుగు రూపాయలు మిగులుతాయని, దానికి 20,000 అప్పు కావాలని అడిగింది. రెండోది ఒక చిన్న పెట్టె. మా ఊళ్లో లారీల మీద పోయే కుర్రాడు ఒకడు సబ్బు పెట్టెలో రెండు పాత పెన్నుల గొట్టాలు బిగించి, వాటి మధ్య రెక్సిను ముక్క వేసి, సిగరెట్లు చుట్టే మిషను తయారు చేశాడు. పొడి పొగాకు వేసి, సన్న కాగితం పెట్టి తిప్పితే సిగరెట్టు వచ్చేస్తుంది. వాడి అమ్మ మా సభ్యురాలే. ఇది చూసి నలుగురు కుర్రాళ్లు మాకూ చేసిపెట్టమని అడుగుతున్నారంట. ఆమె సమావేశానికి వచ్చి, ఇందులో లాభముందా నష్టముందా, కాస్త లెక్క వేసి చెప్పండమ్మా అని అడిగింది.

ఈ రెండింటికీ జవాబు చెప్పాలంటే ముందు పన్నుల సంగతి తెలుసుకోవాల్సి వచ్చింది. మా పుస్తకాలు ఆడిట్ చేసే ఆయన్ని అడిగాం, పేపర్లు చదివాం. పదో తరగతి చదువుతో అర్థమైనంత వరకు మీకూ చెబుతాం.

మన జగ్గయ్యపేట వాళ్లకు పన్నంటే గరికపాడు చెక్‌పోస్టు. రాష్ట్రం విడిపోయాక అక్కడ లారీలు బారులు తీరి ఉండడం మనందరం చూసిందే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. అప్పుడు జీఎస్టీలో అన్నిటికన్నా పెద్ద రేటు 28 శాతం. సిగరెట్టుకు ఆ 28 శాతమూ ఉండేది, దాని మీద సెస్సు అని ఇంకోటీ ఉండేది. అదే నెల 17న ఆ సెస్సు ఇంకా పెంచారు. అన్నిటికన్నా పొట్టి సిగరెట్టుకే అప్పుడు 5 శాతం సెస్సు, అది కాక వెయ్యింటికి 2,076 రూపాయలు పడేది. అంటే ఒక్కో సిగరెట్టుకు ఆ విడి సెస్సు ఒక్కటే 2 రూపాయల 7 పైసలు. పొడుగు సిగరెట్టుకు ఇంకా ఎక్కువ.

బీడీకి కూడా అప్పుడు 28 శాతం ఉండేది, కాని సెస్సు లేదు. బీడీ చుట్టే తునికాకు మీద అప్పుడు 18 శాతం. ఒక లెక్క చూడండి. 25 బీడీల కట్ట 15 రూపాయలు అనుకుందాం. ఒక్కో బీడీ 60 పైసలు. మూడు బీడీలు 1 రూపాయి 80 పైసలు. అంటే పొట్టి సిగరెట్టు మీద ఆ విడి సెస్సు డబ్బుతోనే మూడు బీడీలు వచ్చేవి, ఇంకా మిగిలేది. పన్ను వల్ల సిగరెట్టు బరువైతే మనిషి ఏం చేస్తాడు? మానేసేవాళ్లు కొందరు ఉంటారు, అది మంచిదే. మిగిలినవాళ్లు పక్క డబ్బాలో ఉన్న బీడీ కట్ట వైపు చెయ్యి చాపుతారు.

ఇక చుట్ట సంగతి. కాగితం మీద చుట్టకూ పెద్ద పన్నే ఉంది. 2018-19లో 28 శాతం జీఎస్టీ, దాని పైన 21 శాతం గాని, వెయ్యి చుట్టలకు 4,170 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది సెస్సు ఉండేది. మన సంతలో చుట్ట 3 రూపాయలకు అమ్ముతుంటే దాని మీద సెస్సే 4 రూపాయల 17 పైసలు పడేది! ఇది విని మా అక్క, నా తట్టంతా గవర్నమెంటుకి ఇచ్చినా బాకీ తీరదే అని నవ్వింది. కాని ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్నవాళ్లు జీఎస్టీలో నమోదు కానక్కర్లేదు. గడప మీద కూర్చుని చుట్టే ముసలమ్మ దగ్గరికి ఆ చట్టం రాదు, రానక్కర్లేదు కూడా. రైతు అమ్మే ఆకు మీద 5 శాతం పన్ను ఉంది, అది కూడా కొనే రిజిస్టర్డు వ్యాపారే కట్టాలి. పక్క ఊరి రైతు దగ్గర మనం నాలుగు కట్టలు ఆకు తెచ్చుకుని ఇంట్లో చుట్టుకుంటే ఒక్క పైసా పన్ను లేదు.

ఇప్పుడు అర్థమైంది కదా, సబ్బు పెట్టె మిషను ఎందుకు పుట్టిందో. అది పన్నును తప్పించుకునే పెట్టె. ఆ కుర్రాడే చెప్పాడు, పిన్నీ, కొట్లో సిగరెట్టు 10 రూపాయలు, నేను చుట్టుకుంటే 3 రూపాయలు పడుద్ది అని. ఇది మనవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. సిగరెట్ల మీద పన్ను బాగా పెరిగిన దేశాల్లో చేత్తో చుట్టుకునేవాళ్లు ఉన్నారు, ఇలాంటి మిషన్లు కొట్లలోనే దొరుకుతాయి. మనకు మాత్రం మిషను రాకముందే చుట్ట ఉంది. మన తాతలకు ఏ పెట్టే అక్కర్లేదు, రెండు వేళ్లు చాలు.

ఆకు మీద పన్ను ఎప్పుడూ లేదా అంటే, ఉంది. 1943లో తెల్లదొరల ప్రభుత్వం పొగాకు మీద ఎక్సైజు సుంకం పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అది కొనసాగింది. పొగాకు వేసిన రైతు లెక్క చెప్పాలి, ఆకు తూకానికి లెక్క, నిలవకు లెక్క. ఊళ్లోకి ఎక్సైజు వాళ్లు వస్తున్నారంటే అదొక హడావుడి. 1979లో విడి ఆకు మీద ఆ సుంకం తీసేశారు. ఇంటింటికీ తిరిగి ఆకు కొలవడం తలకు మించిన పనని అప్పుడే తెలిసొచ్చింది కాబోలు. గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది గాని, దాని వేలం కేంద్రాలు వర్జీనియా పొగాకుకే. మనవాళ్లు చుట్టలకు వాడే నాటు ఆకు ఆ గేటు దాటి లోపలికి పోదు. రైతు నుంచి సంతకు, సంత నుంచి గడపకు నేరుగా వచ్చేస్తుంది.

పన్ను ఒక్కటే దాన్ని వదిలేసి పోతుందనుకోకండి. హెచ్చరిక కూడా వదిలేసి పోతుంది. 2016 ఏప్రిల్ 1 నుంచి పొగాకు పెట్టెల మీద 85 శాతం జాగాలో హెచ్చరిక బొమ్మలు వేస్తున్నారు. 2018 సెప్టెంబరు 1 నుంచి వచ్చే పెట్టెల మీద, మానాలనుకునేవాళ్లు ఫోను చేయడానికి 1800-11-2356 అనే నంబరు కూడా వేస్తున్నారు. డబ్బులు పడవు, ఉచితం. మంచి పనే. కాని దారం కట్టిన చుట్ట మీద ఏ బొమ్మ ఉంది? కిళ్లీ కొట్లో పెట్టె విప్పి విడిగా ఇచ్చే రెండు సిగరెట్ల మీద ఏ నంబరు ఉంది? సబ్బు పెట్టెలో చుట్టిన కాగితం తెల్లగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంటుంది. ఏ పొగ ఎక్కువ చవకో, ఏ పొగ బీదవాడి నోట్లో ఉందో, దానికే పన్నూ లేదు, హెచ్చరికా లేదు.

ఇది మన ఊరి మాట మాత్రమే కాదు. 2016-17లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశమంతా పెద్దవాళ్ల మీద సర్వే చేయించింది. వందలో 28 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో వందకు 20 మంది. దేశం మొత్తం మీద సిగరెట్టు తాగేవాళ్లు వందకు 4 మంది అయితే బీడీ తాగేవాళ్లు 7.7. బీడీ వాళ్లు దాదాపు రెండింతలు. మనం మాత్రం పొగ అనగానే సినిమాలో సిగరెట్టు గురించే మాట్లాడతాం.

ఆడవాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర సముద్రం ఒడ్డు ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దానివల్ల అంగిట్లో కాన్సరు వస్తుందని డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. మన మెట్టలో ఆ అలవాటు తక్కువ గాని, వక్కాకుతో పొగాకు నమిలేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఎవరో చేతులెత్తమని అడగం. ఆకలి తెలియదని, పంటి నొప్పి తగ్గుద్దని, మిరప కోతకు పోయినప్పుడు ఓపిక వస్తుందని మొదలవుతుంది. తర్వాత అది లేకపోతే పొద్దు గడవదు. మగవాళ్ల పొగ గురించి మాట్లాడేటప్పుడు మన బుగ్గలో ఉన్నదాన్ని దాచుకుంటే మన మాట ఎవరూ వినరు.

ఇప్పుడు ఆ అమ్మ అడిగిన లెక్క. మేము బోర్డు మీద రాసి చూశాం. కొడుకు ముందు రోజుకు నాలుగు సిగరెట్లు తాగేవాడు. నాలుగు పదులు 40. మిషను వచ్చాక చవకే కదా అని రోజుకు పన్నెండు చుట్టుకుంటున్నాడు. పన్నెండు మూళ్లు 36. మిగిలింది 4 రూపాయలు. లోపలికి పోయిన పొగ మూడింతలు. పన్ను తప్పించుకున్నానని వాడు అనుకుంటున్నాడు. ఆ పన్నును ఇప్పుడు ఊపిరితిత్తులు కడుతున్నాయి. ఆ అమ్మ బోర్డు వంక చూసి, ఇంకేం మాట్లాడకుండా లెక్కను తన పాసుపుస్తకం వెనకాల రాసుకుని పోయింది. వాడు మానాడా అని అడుగుతారేమో. మానలేదు. నాలుగుకి దిగాడని ఆమె చెప్పింది. ఇంకో పెట్టె మాత్రం ఎవరికీ చేసి ఇవ్వలేదు.

బీడీ లెక్క కూడా రాశాం. రోజుకు ఒక కట్ట, 15 రూపాయలు. నెలకు 450. ఏడాదికి 5,475. మనం నెలకు 100 రూపాయలు పొదుపు కడుతున్నాం, ఏడాదికి 1,200. అది కట్టడానికే పదో తారీకు దాకా ఆగి, పక్కింట్లో చేబదులు తెచ్చేవాళ్లం ఉన్నాం. అదే ఇంట్లో నాలుగు పొదుపుల కన్నా ఎక్కువ డబ్బు పొగై పోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పంచసూత్రాల్లో ఐదోది పుస్తక నిర్వహణ అని మనం బట్టీ పట్టాం. సంఘం పుస్తకం సరిగ్గా రాస్తాం. ఇంటి పుస్తకంలో ఈ ఒక్క వరస మాత్రం ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే అడిగితే గొడవ.

ఇక చుట్టే చేతుల గురించి. బీడీ పని తెలంగాణలో నిజామాబాదు, కరీంనగర్ వైపు ఎక్కువ. అక్కడ లక్షల మంది ఆడవాళ్లు దాని మీదే బతుకుతున్నారు. మనకు పక్క రాష్ట్రమే, మన ఆడపిల్లల్ని అటు ఇచ్చాం, అటు నుంచి తెచ్చుకున్నాం, కాబట్టి ఆ కష్టం మనకు తెలుసు. ఆకు నానబెట్టాలి, రేకు ముక్క పెట్టి కత్తిరించాలి, పొడి వేసి చుట్టి మూతి మడిచి దారం కట్టాలి. వెయ్యి చుడితే గాని కూలి లేదు. మెడ, నడుము, వేళ్లు, చూపు అన్నీ అందులోనే పోతాయి. పొద్దుగూకులూ ఆ ధూళి పీల్చుకుంటూ కూర్చోవాలి. వాళ్ల కోసం 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టాలు వచ్చాయి. బీడీల మీద సెస్సు వేసి ఆ డబ్బుతో కార్మికులకు ఆస్పత్రులు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు పెట్టారు. జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు తీసేశారు. పొగ మీద వేసే పన్నులో, చుట్టిన చేతి కోసం విడిగా పక్కన పెట్టే ఆ చిన్న వాటా కూడా అలా పోయింది. 2018-19లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి ఇచ్చేది. మన దగ్గర ఇంటి గడపలో చుట్టలు చుట్టే ఆమె మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు. పన్ను జాబితాలోనూ లేదు, కార్మికుల జాబితాలోనూ లేదు. ఆమె పేరు ఉన్న జాబితా ఒకటే, మన సంఘం తీర్మానాల పుస్తకం.

అందుకే ఆ 20,000 అప్పు దరఖాస్తు మాకు అంత తేలికగా తేలలేదు. మూడు సమావేశాలు పట్టింది.

మొదటి సమావేశంలో కొందరు, సంఘం డబ్బు పొగకు పెట్టకూడదు అన్నారు. కొందరు, ఆమె ఎప్పుడైనా వాయిదా తప్పిందా, ఇవ్వాల్సిందే అన్నారు. ఆ అక్క ఒకటే మాట అంది. మీరు ఇవ్వకపోతే నేను మానుకుంటానా? వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెస్తాను. చుట్ట ఆగదు, వడ్డీ పెరుగుద్ది. ఇందులో అబద్ధం ఏమీ లేదు.

రెండో సమావేశంలో ఇంకో సభ్యురాలు లేచింది. ఆమె భర్త నోటి కాన్సరుతో పోయి రెండేళ్లయింది. ముందు బుగ్గలో చిన్న పుండు, ఆకు పసరు పెట్టుకుంటే తగ్గుద్దిలే అన్నాడు. తర్వాత నోరు తెరుచుకోలేదు. గంజి కూడా దిగలేదు. విజయవాడ, హైదరాబాదు తిరిగారు, అరెకరం పోయింది. ఆమె అందరి ముందూ చెప్పింది, మా ఆయన చుట్టలు కొన్నది ఈ అక్క దగ్గరే. అక్క మీద నాకు కోపం లేదు, ఆమె బతుకు ఆమెది. కాని నా పొదుపు డబ్బు ఆకు మీద పెట్టొద్దు. ఇందులోనూ అబద్ధం ఏమీ లేదు. ఆ రోజు ఎవరూ సంతకాలు పెట్టకుండానే లేచిపోయాం.

మూడో సమావేశానికి ముందు ఐదుగురం ఆ అక్క ఇంటికి వెళ్లి, ఆకు కొన్న ధర, దారం, సంత ఆశీలు, ఆటో ఖర్చు అన్నీ అడిగి రాసుకున్నాం. ఒక వారం కష్టానికి ఆమెకు మిగిలేది మిరప కోత కూలీ రెండు రోజుల కన్నా తక్కువే. మోకాళ్లు పనిచేయక కోతకు పోలేదు కాబట్టి చుట్టలు చుడుతుంది, చుట్టల మీద ప్రేమ ఉండి కాదు. ఆమె దగ్గర ఉన్న అసలు ఆస్తి చుట్టడం తెలియడం కాదు, సంతలో కూర్చునే చోటు, పేరు పెట్టి పిలిచే బేరగాళ్లు. ఆ చోట్లో ఇంకేమైనా అమ్మొచ్చు కదా అని అడిగాం. ఆమే ఆలోచించి చింతపండు, ఎండుమిర్చి అంది.

తీర్మానం ఇలా రాశాం. వడ్డీ వ్యాపారికి ఉన్న పాత బాకీ 8,000 సంఘం అంతర్గత అప్పుతో తీర్చాలి. చింతపండు, మిర్చి సరుకుకు 12,000 ఇవ్వాలి. ఆకు కొనడానికి సంఘం డబ్బు ఇవ్వకూడదు. ఆమె సొంత డబ్బుతో చుట్టుకుంటే సంఘం అడ్డు చెప్పదు, అప్పు ఆపదు. ఆ పుస్తకంలో భర్తను పోగొట్టుకున్న చెల్లెలు కూడా సంతకం పెట్టింది. ఈ రోజుకి ఆ అక్క పూర్తిగా మానలేదు. సగం తట్టలో చింతపండు, సగం తట్టలో చుట్టలు. వాయిదా ఒక్క నెల కూడా తప్పలేదు. ఏడాది కింద తట్ట నిండా చుట్టలే ఉండేవి అని మాత్రం చెప్పగలం.

అక్కలారా, పెద్ద సంఘాల చరిత్ర మనకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆపేశారు. సారాకు పోయే డబ్బు పొదుపు చేద్దామన్న మాటలోంచే మన పొదుపు సంఘాలకు బలం వచ్చింది. సారా మీద గెలిచిన ఆడవాళ్లం పొగాకు మీద ఎందుకు నోరు విప్పలేదు? మాకు తోచింది ఇది. సారా తాగినవాడు ఇంటికొచ్చి కొడతాడు, అరుస్తాడు, ఆ నష్టం ఆ రాత్రే కనపడుతుంది. చుట్ట తాగినవాడు అరుగు మీద కూర్చుని నెమ్మదిగా ఉంటాడు. దాని దెబ్బ ఇరవై ఏళ్లకు గాని కనపడదు. ఇంకో సంగతి, సారా కొట్టు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు, పోయి తాళం వెయ్యొచ్చు. చుట్టల కొట్టు మన ఇంటి గడపలోనే ఉంది. దేనికి తాళం వేస్తాం?

అట్లాగని పన్నులు దండగ అని మేము చెప్పడం లేదు. కొట్లో ధర పెరిగితే కొత్తగా మొదలుపెట్టే పిల్లలు జంకుతారు. జేబులో పది రూపాయలున్న పిల్లవాడికి అది పెద్ద గోడే. కాని ఆ గోడకు మన ఊరి వైపు ఒక దొడ్డిదారి ఉంది. ఆ దారి ఏ ఆఫీసరుకూ కనపడదు, మనకు కనపడుతుంది. పన్ను కొట్టు దగ్గర ఆగిపోతుంది. గడప లోపలి లెక్క రాయాల్సింది మనమే.

అందుకని మా గ్రామ సంఘం తరఫున ఈ మహాసభ ముందు ఐదు మాటలు పెడుతున్నాం.

మొదటిది, ప్రతి సభ్యురాలి ఇంటి ఖర్చుల లెక్కలో పొగాకు అని ఒక వరస పెట్టాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు, నమిలేది అన్నీ అందులోనే. మన సొంతది కూడా రాయాలి. ఎవరి పేరూ సమావేశంలో పైకి చదవకూడదు. సూక్ష్మ రుణ ప్రణాళిక వేసేటప్పుడు ఆ ఇంటావిడ తన వరస తను చూసుకుంటే చాలు.

రెండోది, పొగాకు చుట్టే పనికి, చుట్టే మిషన్లకు కొత్తగా సంఘం అప్పు ఇవ్వకూడదు. ఇప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లను మాత్రం దూరం పెట్టకూడదు. వాళ్లకు వేరే సరుకుకో వేరే పనికో ముందు వరసలో అప్పు ఇవ్వాలి.

మూడోది, పిల్లల చేత చుట్టించకూడదు. పిల్లల్ని పెట్టకూడని పనుల జాబితాలో బీడీ తయారీని 1986 బాల కార్మిక చట్టంలోనే చేర్చారు. సెలవుల్లో కాస్త చేతిసాయం అని మొదలవుతుంది, తర్వాత బడి సంచి మూలన పడుతుంది. అట్లాగే అరే, పోయి తాతకు బీడీ కట్ట తీసుకురా అని పిల్లల్ని కొట్టుకు పంపడం మానాలి. 18 ఏళ్ల లోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. కొట్టువాడిని అడిగేముందు మన ఇంట్లో మనం పంపడం ఆపుదాం.

నాలుగోది, ఏడాదికి ఒకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారిని గ్రామ సంఘం సమావేశానికి పిలిచి నోరు పరీక్ష చేయించుకోవాలి. పొగాకు వాడేవాళ్లకు నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం, ఇవి కనపడితే పసరు పెట్టుకుని కూర్చోకూడదు. ముందుగా చూపిస్తే వైద్యం ఉంది. అరెకరం కూడా మిగులుతుంది.

ఐదోది, మానాలనుకునే మగవాళ్లను ఎగతాళి చేయొద్దు. రెండు రోజులు మాని మూడో రోజు మళ్లీ ముట్టించినా, నీవల్ల కాదులే అనొద్దు. ఇందాక చెప్పిన ఉచిత ఫోను నంబరు 1800-11-2356 ప్రతి గ్రామ సంఘం ఆఫీసు గోడ మీద, పొదుపు తేదీల పక్కనే రాయిద్దాం. పెట్టె మీద బొమ్మ చూడని చుట్ట తాతకు, బీడీ మామకు కనీసం మన గోడ మీద అయినా కనపడుతుంది.

ఇందులో ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఒకటి ఉంది. పొగాకు మీద వచ్చే పన్నులో కొంత భాగం, ఆ పని వదిలి వేరే పనికి పోవాలనుకునే ఆడవాళ్ల కోసం పెట్టమని మన మండల సమాఖ్య నుంచి జిల్లా సమాఖ్యకు తీర్మానం పంపుదాం. ఆకు వేసే రైతుకైనా, చుట్టే చేతికైనా, మానుకో అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మానుకుంటే ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. మా ఊళ్లో 20,000 రూపాయలతో ఒక్క తట్ట సగం మారింది. అంతకు మించిన డబ్బు, అంతకు మించిన ఆలోచన ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ చేయగలరని మా నమ్మకం.

 ఈ ఐదు అంశాలను మహాసభ తీర్మానాల పుస్తకంలో రాయించి, వచ్చే ఏడాది ఏ గ్రామ సంఘం ఎంతవరకు చేసిందో ఇదే సభలో చెప్పించాలని అధ్యక్షురాలు గారిని కోరుతున్నాం.